ఆరు ఎపిసోడ్ల డీవీడీని ఖాళీ డిస్క్‌లోకి కాపీ చేస్తే బొమ్మ గళ్ళు గళ్ళుగా వస్తా ఉంది, ఏం చేయాల?

మాడవీధి_పిల్లోడు (తిరుపతి)

అన్నలకి అక్కలకి దండం. మా అవ్వ దగ్గర మహాభారత్ డీవీడీల సెట్ ఉంది, దూరదర్శన్‌లో 1988 నుంచి 90 దాకా ఆదివారం పొద్దున వచ్చిందే, అది. మొత్తం 94 ఎపిసోడ్లు, డిస్క్‌కి ఆరు లెక్కన పదహారు డిస్క్‌లు, ఆఖరి దాంట్లో నాలుగే. మా మామ ఎప్పుడో కొనిచ్చినాడు. అవ్వకి హిందీ ఒక్క ముక్క రాదు, అయినా శకుని ఏం మాట్లాడతాడో మొత్తం కంఠతా. పొద్దున పూజ అయినాక ఒకటి, మధ్యాన్నం అన్నం తిన్నాక ఒకటి, అట్ల ఏళ్ళ తరబడి తిరగేస్తానే ఉంది. ఇప్పుడు డిస్క్‌ల నిండా గీతలు. జూదం ఉండే డిస్క్ అయితే మరీ ఘోరం, ద్రౌపదిని సభలోకి ఈడ్చుకొచ్చే వరకు బాగనే ఆడతాది, ఆడ నిలిచిపోతాది, కృష్ణుడు చీర ఇచ్చే దాకా పోనే పోదు. అవ్వ ప్లేయర్‌ని తిడతాది, మధ్యలో నన్ను కూడా.

అందుకని అన్నీ పాడైపోయేలోపల కాపీ తీసి పెడదామని ఖాళీ డీవీడీలు ఒక డబ్బా తెచ్చినా. మొదట ఏం చేసినానంటే డిస్క్ తెరిచి అందులో వీడియో ఉండే వీఓబీ ఫైళ్ళలో నాలుగు పట్టినంత వరకు లాగి ఖాళీ డిస్క్‌లో పడేసి బర్న్ కొట్టినా, ప్లేయర్‌లో పెడితే అసలు డిస్కే లేదనింది. కంప్యూటర్‌లో ఆడిస్తే మూడో ఫైలు భీష్ముడు మాట్లాడతా ఉండంగా సగం మాటలో మొదలయింది, ఇదేం లెక్కో నాకర్థం కాలా.

తర్వాత ఆఫీసులో ఒకాయన చెప్పినాడని డీవీడీ ష్రింక్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకొని మొత్తం డిస్క్‌ని 4.7లో పట్టేట్టు నొక్కించినా. ఆడింది. మాటలాడుకునే సీన్లు పర్వాలేదు. బాణాలేసుకునే కాడికొచ్చే సరికి తెర మొత్తం గళ్ళు గళ్ళు, ఎవరి రథం ఏదో తెలీదు. అవ్వ చూసి 'కళ్ళకి మళ్ళీ ఆపరేషన్ చేయించాలేమోరా' అనింది, నాకు నవ్వాలో ఏడవాలో తెలీలా.

బొమ్మ చెడిపోకుండా ఎక్కించాలంటే ఎట్ల? డ్యూయల్ లేయర్ డిస్క్‌లు, అంటే రెండు పొరలవి, కొనాల్నా? డిస్క్‌లకి లాక్ లాంటిది ఏమీ లేదు, కంప్యూటర్‌లో మామూలుగా తెరుచుకుంటాయి.

పాత_పిక్చర్_ట్యూబ్ (చిత్తూరు)

తమ్ముడూ, అవ్వ కళ్ళకి ఏమీ కాలేదు, నువ్వు చేసిన పనికే అట్లయింది. లెక్క చెప్తా చూడు.

నీ ఒరిజినల్ డిస్క్ రెండు పొరలది, అంటే 8.5 జీబీది. దాంట్లో ఆరు ఎపిసోడ్లు, ఒక్కోటి 45 నిమిషాలనుకో, నాలుగున్నర గంట. అంటే సెకనుకి సుమారు 4 మెగాబిట్లు పడతాయి. డీవీడీలో వీడియో 9.8 దాకా పోవచ్చు, సీరియల్ వాళ్ళు అప్పటికే పిసినారితనంగా 4 పెట్టినారు. దాన్ని నువ్వు తీసుకుపోయి ఒక పొర డిస్క్‌లో కుక్కితే 2.3కి పడిపోయింది. ఇద్దరు కూర్చొని మాట్లాడుకుంటా ఉంటే బొమ్మలో కదిలేది తక్కువ కాబట్టి ఆ కొంచెంతో నెట్టుకొస్తాది, యుద్ధం సీన్లో తెరంతా కదులుతుంది గదా, చాలక గళ్ళు కడుతుంది. సినిమా అయితే ఎక్స్‌ట్రాలు, ట్రైలర్లు పీకేస్తే ఎంతో కొంత జాగా మిగులుతాది, సీరియల్ డిస్క్‌లో పీకడానికి ఏముంటాది, అంతా సరుకే. నా మటుకు నేను ష్రింక్‌లో ఒరిజినల్ సైజులో 80 శాతం కంటే కిందికి చూపిస్తే కాపీ తీయను, నీది 57 శాతం చూపించి ఉంటాది.

ఇంకోటి, డబ్బా మీద 4.7 అని ఉంటాది కానీ కంప్యూటర్ లెక్కలో అది 4.37 మాత్రమే. కంపెనీ వాళ్ళు వెయ్యితో గుణిస్తారు, కంప్యూటర్ 1024తో గుణిస్తాది. 8.5 అనేది అట్లనే 7.95 అయిపోతాది. చానామంది ఇక్కడే బోల్తా పడేది.

నొక్కడం మానెయ్. మూడు ఎపిసోడ్లు ఒక డిస్క్, మూడు ఇంకో డిస్క్. ఒక్కో ఎపిసోడ్ ఒకటింపావు జీబీ ఉంటాది, మూడు కలిపి 3.8, ఒక పొర డిస్క్‌లో హాయిగా పడతాది, ఒక్క చుక్క కూడా నొక్కే పని లేదు, ఒరిజినల్ ఎట్లుందో అట్లనే.

వీఓబీల సంగతికొస్తే, అది ఎపిసోడ్ లెక్కన తుంచిన ఫైల్ కాదు. ఒక్కో వీఓబీ ఒక జీబీ దాటకూడదని రూల్, అందుకని ఒక జీబీ నిండినాక ఎక్కడుంటే అక్కడ కోసేస్తాది, భీష్ముడు మాట్లాడతా ఉన్నాడా తుమ్మతా ఉన్నాడా దానికి పట్టదు. ఏ ఎపిసోడ్ ఎక్కడ మొదలు, ఎక్కడ అయిపోయింది అనే చిట్టా ఐఎఫ్ఓ ఫైల్లో ఉంటాది, దాని నకలు బీయూపీ. నువ్వు చిట్టా వదిలేసి మూటలు మాత్రం ఎత్తుకొచ్చినావు, ప్లేయర్‌కి అడ్రస్ దొరకలేదు. వీడియో_టీఎస్ అనే ఫోల్డర్లో ఇవన్నీ కలిసి ఉంటేనే అది వీడియో డీవీడీ.

ష్రింక్‌లోనే రీ-ఆథర్ అని ఒక బటన్ ఉంది, అది కొట్టు. కుడి పక్క టైటిళ్ళ లిస్టు వస్తాది, ఎడమ పక్కకి నీకు కావాల్సినవి లాక్కోవడమే. ఇక్కడ డిస్క్‌లు రెండు రకాలు. కొన్నింట్లో ప్రతి ఎపిసోడ్ విడి టైటిల్‌గా ఉంటాది, అదృష్టం, 1 2 3 లాగి బర్న్ కొట్టు, మళ్ళీ 4 5 6 లాగి కొట్టు. కొన్నింట్లో ఒకటే పొడుగు టైటిల్ పెట్టి ఎపిసోడ్లని చాప్టర్లుగా పెడతారు. దానికి అదే టైటిల్‌ని మూడు సార్లు లాగి, ఒక్కోదానికి మొదలు ఏ చాప్టర్, చివర ఏ చాప్టర్ అని పెట్టుకోవాల, స్టార్ట్ ఎండ్ ఫ్రేమ్ అని చిన్న బొమ్మ ఉంటాది దానికి. కొంచెం ఓపిక కావాల. టైటిల్ పాట దగ్గర కోత సరిగ్గా పడిందో లేదో ప్రివ్యూ చూసుకో.

కంప్రెషన్ ట్యాబ్‌లో 'నో కంప్రెషన్' పెట్టు. ఆటోమేటిక్‌లో వదిలితే పట్టినప్పుడు నొక్కదు, నిజమే, కానీ నాకు నమ్మకం తక్కువ.

తోతాపురి

ఈ కాలంలో డీవీడీలు ఎవరు కాలుస్తారప్పా, అన్నీ పెన్‌డ్రైవ్‌లో ఏసి టీవీకి గుచ్చితే పాయె. మా ఇంట్లో డీవీడీ ప్లేయర్ మీద ఇప్పుడు పూలకుండీ ఉండాది.

మాడవీధి_పిల్లోడు

తోతాపురి అన్నా, ఆ ప్రయత్నం కూడా అయింది. మా అవ్వ టీవీ డబ్బా టీవీ, గుచ్చడానికి చోటే లేదు. ప్లేయర్‌కి రిమోట్‌లో ఆమెకి తెలిసింది రెండు బటన్లు, ఒకటి ఎర్రది, ఒకటి త్రికోణం. కొత్త టీవీ తెస్తానంటే 'నేను పోయినాక తెచ్చుకోండి' అంటాది. ఇంక మాట్లాడేదేముంది.

పిక్చర్ ట్యూబ్ అన్నా, నువ్వు చెప్పినట్టే రీ-ఆథర్‌లోకి పోయినా. నా డిస్క్‌లో ఏడు టైటిళ్ళు చూపిస్తా ఉంది. పైనది 4 గంటల 30 నిమిషాలు, దాని కింద ఆరు, ఒక్కోటి 45 నిమిషాలు అటూ ఇటుగా. ఎందుకైనా మంచిదని ఏడూ లాగితే పైన 15 వేల చిల్లర ఎంబీ అనింది, 28 శాతం అని ఎర్రగా చూపించింది. డిస్క్‌లో ఉండేదే 7.6 జీబీ కదా, రెండింతలు ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చింది?

ఇంకోటి, జూదం డిస్క్ పెడితే 'సైక్లిక్ రిడండెన్సీ చెక్' అని ఏదో వచ్చి ఆగిపోతా ఉంది. దానికేమన్నా మందుందా?

రేణిగుంట_జంక్షన్

డ్యూయల్ లేయర్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నా అనుభవం రాస్తా. నేను అదే పట్టుదలతో పోయినా, ఒరిజినల్ మెనూతో సహా ఉన్నదున్నట్టు దిగాలని. తిరుపతిలో నాలుగు అంగళ్ళు తిరిగినా ఒక పొరవే దొరికినాయి, సప్తగిరి రైలు ఎక్కి చెన్నై పోయి రిచీ స్ట్రీట్‌లో తెచ్చుకున్నా. ఒక డిస్క్ రేటుకి మామూలువి నాలుగు వచ్చేటివి. పది తెస్తే అందులో మూడు తగలబడినాయి, తప్పు డిస్క్‌లదో నా డ్రైవ్‌దో ఇప్పటికీ తెలీదు.

డ్యూయల్ లేయర్‌లో పెద్ద తలనొప్పి పొర మారే చోటు. మొదటి పొర బయటి అంచు దాకా రాసినాక లేజర్ రెండో పొర మీదికి మారాల, ఆ మార్పు ఎక్కడంటే అక్కడ పెట్టడానికి లేదు, వీడియోలో ఒక సెల్, అంటే ఒక ముక్క, అయిపోయి ఇంకోటి మొదలయ్యే చోటే పడాల, పైగా మొదటి పొర రెండోదానికంటే చిన్నది కాకూడదు. ఇమ్‌గ్‌బర్న్ అనే బర్నింగ్ సాఫ్ట్‌వేర్ అయితే ఇదిగో ఇక్కడ పెట్టొచ్చు అని నాలుగైదు చోట్లు చూపించి అడుగుతుంది. సీరియల్ డిస్క్‌లో మూడో ఎపిసోడ్ అయిపోయి నాలుగోది మొదలయ్యే కాడ దొరికితే పండగే, ఎవరికీ తెలీదు. నేను మొదట చూడకుండా ఓకే కొట్టినా, సరిగ్గా ఏడుపు సీన్ మధ్యలో ఒక సెకను బొమ్మ బిగుసుకుపోయేది.

అన్నిటికంటే ముఖ్యం, పాత ప్లేయర్లు రాసిన డ్యూయల్ లేయర్ డిస్క్‌ని చూస్తే మూతి తిప్పుకుంటాయి. ప్లస్ ఆర్ (DVD+R) రకం కొని, బర్న్ చేసే ముందు బుక్ టైప్ డీవీడీ-రోమ్ (DVD-ROM) అని మార్చితే, అంటే ఇది ఫ్యాక్టరీలో అచ్చయిన డిస్కే అని ప్లేయర్‌ని నమ్మిస్తే, కొన్ని ఒప్పుకుంటాయి. మైనస్ ఆర్‌కి (DVD-R) ఆ వేషం వేయడానికి లేదు. డ్రైవ్ కూడా ఒప్పుకోవాల. ఇంత చేసినా మా నాయన ప్లేయర్ ఒప్పుకోలా. అవ్వ ప్లేయర్ వయసు చూస్తే నువ్వు ఒక పొర డిస్క్‌లే కాల్చుకో, డబ్బులూ మిగుల్తాయి, రైలు ఛార్జీ కూడా.

పాత_పిక్చర్_ట్యూబ్

ఏడు టైటిళ్ళు అన్నావు చూడు, పైన ఉండే పొడుగుది 'ప్లే ఆల్'. డిస్క్‌లో సరుకు ఒకటే, దానికి దారులు రెండు, ఒక దారి ఆరు ఎపిసోడ్లు వరసగా, ఇంకో దారి ఒక్కోటి విడిగా. ఒరిజినల్‌లో రెండు దారులూ ఒకే వీడియోని వాడుకుంటాయి, అందుకే 7.6 జీబీలో సరిపోయింది. రీ-ఆథర్‌లో రెండూ లాగితే ష్రింక్ అమాయకంగా రెండు సార్లు రాస్తాది. పొడుగుదాన్ని ముట్టుకోవద్దు. కింద ఆరింట్లో మూడు, తర్వాత మూడు, అంతే.

టైటిళ్ళ వరస ఒకసారి చూసుకో. ఒక్కో డిస్క్‌లో 3 తర్వాత 5 వచ్చి ఆ తర్వాత 4 వస్తాది, తయారు చేసినోళ్ళకి తోచినట్టు పెట్టుంటారు. ప్రతిదీ పది సెకన్లు ప్రివ్యూ చూస్తే చాలు. నేను ఒకసారి చూడకుండా కాల్చేసి అభిమన్యుణ్ణి చంపేసినాక పద్మవ్యూహంలోకి పంపించినా.

ఆడియో ట్రాక్‌లు రెండు మూడు ఉంటే ఒకటి ఉంచుకో. డాల్బీది సెకనుకి 192 కిలోబిట్ల రకం అయితే 45 నిమిషాలకి 65 ఎంబీనే, తీసేసినా పెద్ద లాభం లేదు. పీసీఎం (అసలు నొక్కని ఆడియో) అని రాసుంటే మటుకు అదొక్కటే ఎపిసోడ్‌కి 500 ఎంబీ పైన మింగుతాది, మన పెళ్ళి వీడియోల డిస్క్‌ల్లో ఎక్కువగా ఉంటాది ఈ రకం.

ఇంక గీతల డిస్క్. ఆ 'సైక్లిక్' ఎర్రర్ అంటే డ్రైవ్ దాన్ని సరిగ్గా చదవలేకపోతా ఉందని. ముందు ఒట్టి నీళ్ళు, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్, మెత్తటి పాత పంచె గుడ్డ. మధ్య నుంచి బయటికి నేరుగా తుడువు, గుండ్రంగా తిప్పొద్దు. ఎందుకంటే డేటా చుట్లు చుట్లుగా రాసుంటాది, అడ్డంగా పడిన గీత ఒక్కో చుట్టులో కొంచెమే చెడగొడతాది, దాన్ని డ్రైవ్ సరిదిద్దుకుంటాది. చుట్టు వెంబడి గీత పడితే పక్కపక్కన ఉండేదంతా పోతాది, ఇంక దిద్దేదేముంది. నీ డిస్క్ మీద సగం గీతలు అవ్వ కొంగుతో గుండ్రంగా తుడిచినవే అయి ఉంటాయి, అడిగి చూడు.

తుడిచినాక ష్రింక్‌తో కాదు, ఇమ్‌గ్‌బర్న్‌లో రీడ్ మోడ్ పెట్టి మొత్తం డిస్క్‌ని ఐఎస్ఓ ఫైల్‌గా, అంటే డిస్క్ నకలంతా ఒకే ఫైల్లో, దించు. స్పీడు బాగా తగ్గించు. ఒక డ్రైవ్ చదవనిది ఇంకో డ్రైవ్ చదువుతాది, ఇది నేను ఎన్ని సార్లు చూసినానో, ల్యాప్‌టాప్ డ్రైవ్‌లో చచ్చిన డిస్క్ పాత డెస్క్‌టాప్ డ్రైవ్‌లో లేచి కూర్చుంటాది. ఏం చేసినా రాకపోతే సెట్టింగ్స్‌లో చదవలేని చోట్లు వదిలేయమని టిక్ పెట్టు, ఆడ రెండు మూడు సెకన్లు బొమ్మ చెదురుతాది, మిగతాది దక్కుతాది. టూత్‌పేస్ట్ రుద్దమని ఎవరో ఒకరు చెప్తారు, అది ఆఖరాఖరి మాట. డీవీడీలో డేటా ఉండేది మధ్యలో, పైన 0.6 మిల్లీమీటరు ప్లాస్టిక్, కింద 0.6, కాబట్టి కింద గీత లోతుగా లేకపోతే పాలిష్‌కి పోతాది, కానీ నీ చేతికి ఆ నేర్పు ఉందో లేదో నాకు తెలీదు.

బర్న్ చేసేటప్పుడు డబ్బా మీద 16ఎక్స్ అనుంది కదా అని 16లో కొట్టొద్దు, 8లో పెట్టు, డిస్క్‌కి పది నిమిషాల లోపలే. తర్వాత వెరిఫై టిక్ తీయొద్దు. పైన స్టిక్కర్లు అంటించొద్దు, తిరిగేటప్పుడు బరువు ఒక పక్కకి లాగి ఊగుతాది, ఎండాకాలం లేచిపోయి ప్లేయర్ లోపల ఇరుక్కుంటాది కూడా. మార్కర్‌తో మధ్య రింగు మీద రాయి.

న్యాయం_చెప్తా

తమ్ముడి డిస్క్‌లకి లాక్ లేదు, సొంత డిస్క్, ఇంట్లో వాడకం, మంచిదే. చదివే మిగతావాళ్ళ కోసం ఒక మాట: కాపీరైట్ చట్టంలో 2012లో 65ఏ అని ఒక సెక్షన్ చేర్చినారు, హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో లాక్ పగలగొడితే రెండేళ్ళ వరకు జైలు, జరిమానా. పదిమందికి కాల్చి అమ్ముకునే ఆలోచన ఉంటే ఇక్కడ సలహా అడగొద్దు.

తోతాపురి

అన్నా టూత్‌పేస్ట్ గురించి నేనే చెప్దామని వచ్చినా, అంతలో నువ్వే అనేసినావు. సరే ఇంకోటి చెప్తా, ఇది మటుకు నిజం: దించిన ఐఎస్ఓలు చెరిపేయొద్దు. పదహారు కలిపి 120 జీబీ దగ్గర దగ్గర, ఒక పాత హార్డ్‌డిస్క్‌లో పడేస్తే రేపు అవ్వ కాపీని కూడా గీకేస్తే పది నిమిషాల్లో ఇంకోటి కాల్చొచ్చు. పెన్‌డ్రైవ్‌లో అయితే ఫ్యాట్32 ఫార్మాట్ ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కదు, ముందే చూసుకో.

మాడవీధి_పిల్లోడు

అందరికీ శానా థ్యాంక్స్. పది రోజులయింది, ఇప్పుడు తీరిక దొరికింది రాయడానికి.

మొదటి ఐదు డిస్క్‌లు పదయినాయి. బొమ్మ ఒరిజినల్ లాగనే ఉంది, పక్కపక్కన పెట్టి చూసినా తేడా పట్టుకోలేకపోయినా, బాణాలు బాణాల్లాగనే పోతా ఉన్నాయి. మెనూ పోయిందే అని నేను బాధపడితే అవ్వకి అదే నచ్చింది, డిస్క్ పెడితే నేరుగా మొదలైపోతా ఉంది, త్రికోణం కూడా నొక్కే పని లేదు. ఒక ఎపిసోడ్ అయిపోతే తర్వాతది దానంతట అదే వస్తా ఉంది.

జూదం డిస్క్ నా ల్యాప్‌టాప్‌లో రాలేదు. మా ఆఫీసులో మూలన పడేసిన పాత సీపీయూ ఒకటుంటే దాని డ్రైవ్‌లో పెట్టినా, రాత్రంతా పెట్టి ఇంటికొచ్చేసినా, పొద్దున పోయి చూస్తే అయిపోయింది. మూడు చోట్ల చదవలేకపోయిందంట. చీర సీన్ మొత్తం వచ్చింది, దానికి ముందు దుర్యోధనుడు తొడ కొట్టే కాడ మాత్రం తెర సగం పచ్చగా అయిపోతాది ఒక రెండు సెకన్లు. అవ్వ 'వాడి మొహానికి అదే సరిపోయింది' అనింది. కొంగు సంగతి కూడా అడిగినా పిక్చర్ ట్యూబ్ అన్నా, 'దేవుడి బొమ్మలున్న డిస్కు, కాళ్ళతో తుడిచినానా ఏంది' అని నా మీదికే వచ్చింది.

ఒకే ఒక్క ఫిర్యాదు. పదహారు ఉండేవి 32 అవుతాయి కదా, మధ్యాన్నం నిద్రకి ముందు లేచి డిస్క్ మార్చాల్సి వస్తా ఉందంట. ఒక డిస్క్‌లో మూడున్నర ఎపిసోడ్లు పట్టించి సగం ఎపిసోడ్ తర్వాతి దాంట్లో పెట్టమని అడుగుతా ఉంది, అట్ల కుదరదవ్వా అంటే నమ్మడం లేదు. ఒక్కో దాంట్లో అరజీబీ పైన ఖాళీ మిగులుతా ఉంది, దాన్ని చూపించినప్పటి నుంచే ఈ గోల. తోతాపురి అన్నా, ఆ పూలకుండీ కింద ప్లేయర్ ఇంకా ఆడుతుందా? రెండు ప్లేయర్లు పెట్టి రెండిట్లో రెండు డిస్క్‌లు వేసి ఇస్తే ఎట్లుంటాది అని చూస్తా ఉండా.

తోతాపురి

ఆడతాది. చిత్తూరొచ్చి తీసుకుపో, కుండీ మటుకు నేనే ఉంచుకుంటా.